ఫ్రాన్ష్‌హుక్‌కు వెళ్తున్నారా? పేర్లు ఫ్రెంచివి, గోడలు డచ్చివి, కథ ఇంకా పెద్దది

కేప్‌టౌన్ నుంచి తూర్పుకి డెబ్భై ఎనభై కిలోమీటర్లు వెళ్తే, మూడు వైపులా కొండలు మూసుకుపోయిన ఒక లోయ వస్తుంది. అందులో ఒకటే పెద్ద వీధి, దాని చుట్టూ ద్రాక్షతోటలు. అదే ఫ్రాన్ష్‌హుక్. మనవాళ్లు దక్షిణాఫ్రికా వెళ్తే టేబుల్ మౌంటెన్, కేప్ పాయింట్, పెంగ్విన్లు చూసి, మిగిలిన సగం రోజుని ‘వైన్ టూర్’ అని ఇక్కడికి కేటాయిస్తారు. ఆ సగం రోజులో నాలుగు ఎస్టేట్లు తిప్పేస్తారు. సాయంత్రానికి ఏ గ్లాసు ఎక్కడ తాగారో గుర్తుండదు. ఫొటోలు మాత్రం బాగా వస్తాయి.

ఈ ఊరికి కనీసం రెండు రాత్రులు ఇవ్వాలన్నది నా మాట. మందు ముట్టనివాళ్లకి కూడా అదే చెప్తాను. వైన్ ఇక్కడ చూడాల్సినవాటిలో సగమే. ఎలా ప్లాన్ చేసుకోవాలో వరసగా చెప్పుకుందాం.

1. టికెట్ల కంటే ముందు చరిత్ర

ఇది చదవకుండా వెళ్తే ఫ్రాన్ష్‌హుక్ ఒక ఖరీదైన రిసార్టులా కనిపిస్తుంది, అంతే.

1685లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ నాంట్ శాసనాన్ని రద్దు చేశాడు. దాంతో అక్కడి ప్రొటెస్టెంట్లకు, అంటే హ్యూగనాట్లకు, తమ మతం పాటించే హక్కు పోయింది. లక్షలమంది దేశం విడిచి పారిపోయారు. వాళ్లలో చాలామంది హాలండ్ చేరారు. అదే సమయంలో డచ్ ఈస్టిండియా కంపెనీకి ఆఫ్రికా కొసన రైతులు కావాల్సి వచ్చింది. ఆసియాకి వెళ్లే ఓడలు దారిలో కేప్ దగ్గర ఆగి కూరగాయలు, మాంసం, వైన్ నింపుకునేవి మరి. అలా 1688, 89లలో వచ్చిన హ్యూగనాట్లు మొత్తం రెండు వందల మందికి అటూ ఇటూ ఉంటారు. అంత చిన్న గుంపు అది.

వాళ్లకిచ్చిన భూముల్లో ఎక్కువ భాగం ఈ లోయలో, పక్కనున్న పార్ల్, డ్రాకెన్‌స్టైన్ ప్రాంతాల్లో ఉన్నాయి. అంతకుముందు ఇక్కడ ఏనుగులు తిరిగేవి, ఊరి పాత పేరు కూడా వాటిమీదే. వచ్చినవాళ్లు తమ పొలాలకు వదిలేసి వచ్చిన ఊళ్ల పేర్లు, ప్రాంతాల పేర్లు పెట్టుకున్నారు: లా మోట్, ప్రొవాన్స్, కాబ్రియేర్, బుర్గోన్, షాంపేన్. మూడు వందల ఏళ్లు దాటినా ఆ పేర్లు గేట్ల మీద అలాగే ఉన్నాయి.

భాష మాత్రం మిగల్లేదు. గవర్నర్ సైమన్ వాన్ డెర్ స్టెల్ ఫ్రెంచివాళ్లని ఒకేచోట గుంపుగా ఉండనివ్వలేదు, డచ్ రైతుల మధ్య వాళ్ల పొలాలు పడేలా చూశాడు. బడి, చర్చి, ఆఫీసు అన్నీ డచ్‌లోనే నడిచాయి. రెండు తరాలు గడిచేసరికి ఇళ్లలో ఫ్రెంచి మాట వినపడకుండా పోయింది. కాబట్టి వీధిలోకి వెళ్లి ఎవరినైనా ‘బోన్జూర్’ అని పలకరిస్తే నవ్వి ఇంగ్లిష్‌లో జవాబిస్తారు. ఇక్కడ వినిపించేవి ఆఫ్రికాన్స్, ఇంగ్లిష్, ఖోసా. వీధిలో కనిపించే నీలం, తెలుపు, ఎరుపు జెండాలు ఎక్కువగా టూరిజం పుణ్యం.

ఇంటిపేర్లు మాత్రం నిలిచాయి, వాటిలో కొన్ని మనకి బాగానే పరిచయం. డివిలియర్స్, డుప్లెసిస్, రూసో... ఐపీఎల్ చూసేవాళ్లకి చెప్పక్కర్లేదు. ఏబీ, ఫాఫ్‌ల ఇంటిపేర్లు ఈ ఓడల్లో వచ్చినవే. ఫ్రాన్స్‌లోని లా రొషెల్ అనే రేవు పట్నం నుంచి 1689లో వచ్చిన ముగ్గురు అన్నదమ్ములతో మొదలైంది దక్షిణాఫ్రికాలో డివిలియర్స్ వంశం.

బ్రోషర్లలో చిన్న అక్షరాల్లో ఉండే సంగతి ఇంకొకటుంది. ఈ తోటల్ని దున్నింది, నాటింది, గోడలు కట్టింది ఎక్కువగా బానిసలు. కంపెనీ వాళ్లని మడగాస్కర్, మొజాంబిక్, ఇండోనేసియా దీవులతో పాటు మన దేశం నుంచి కూడా తెచ్చింది. బెంగాల్, మలబార్, కోరమండల్ తీరాలనుంచి. అప్పటి రికార్డుల్లో బానిస పేరు పక్కన తెచ్చిన చోటు రాసేవారు: ‘వాన్ బెంగాలెన్’, ‘వాన్ మలబార్’, ‘వాన్ కోరమండల్’ అని. మచిలీపట్నంలో 1605లో దుకాణం తెరిచిన కంపెనీ, భీమిలిలో సమాధులు వదిలిపోయిన కంపెనీ, ఈ లోయకి భూమి పట్టాలిచ్చిన కంపెనీ ఒకటే. కొన్ని పాత పొలాల్లో తెల్లగా సున్నం కొట్టిన చిన్న కమాను, దానికి వేలాడే గంట కనిపిస్తాయి. పెళ్లి ఫొటోలకి దాని ముందు నిలబడతారు. పొద్దున్నే బానిసల్ని పనికి పిలవడానికి మోగించిన గంట అది. బానిసత్వం చట్టప్రకారం 1834లో రద్దయింది. ‘అప్రెంటిస్’ పేరుతో ఇంకో నాలుగేళ్లు కట్టిపడేసి, 1838 డిసెంబర్‌లో నిజంగా వదిలారు.

2. నెల ఎంచుకోవడం

అక్కడ రుతువులు మనకి తిరగబడి ఉంటాయి. సంక్రాంతికి వెళ్తే నడి ఎండాకాలం, దసరాకి వసంతం. మన పిల్లల వేసవి సెలవుల్లో అక్కడ ఆకురాలు కాలం. వానలు జూన్ నుంచి ఆగస్టు దాకా, చలితో కలిసి వస్తాయి.

కోత జనవరి చివర మొదలై మార్చి దాకా సాగుతుంది. ఆ రోజుల్లో సెల్లార్లు పులిసిన ద్రాక్షరసం వాసన కొడుతుంటాయి, ట్రాక్టర్లు తిరుగుతుంటాయి. చూడ్డానికి బాగుంటుంది కానీ ఫిబ్రవరిలో లోయ కాగుతుంది. క్రిస్మస్ నుంచి జనవరి పదో తారీఖు దాకా మాత్రం వద్దు. దేశంలో డబ్బున్నవాళ్లందరూ అప్పుడు అక్కడే ఉంటారు, రేట్లు రెట్టింపు.

నన్నడిగితే మార్చి చివర నుంచి మే మొదటివారం దాకా. ఎండ మెత్తబడుతుంది, ద్రాక్ష ఆకులు పసుపు, ఎరుపు తిరుగుతాయి, మన సెలవులకి కూడా కుదురుతుంది. జూలై మధ్యలో ఫ్రాన్స్ జాతీయ దినమైన బాస్టీల్ డే పండగ చేస్తారు, ఊరంతా మూడు రంగులు కట్టుకుంటుంది. చలి, వాన ఫర్వాలేదనుకుంటే వెళ్లండి. నిప్పు దగ్గర కూర్చుని ఎర్ర వైన్ తాగడానికి అదే సీజన్. గదులు కూడా తక్కువకి దొరుకుతాయి.

3. చేరుకోవడం

హైదరాబాద్ నుంచి కేప్‌టౌన్‌కి డైరెక్ట్ ఫ్లయిట్ లేదు. దుబాయ్ లేదా దోహాలో మారడం తేలిక. అడిస్ అబాబా, నైరోబీల మీదుగా వెళ్తే, అక్కడ ఆగే సమయం పన్నెండు గంటలు దాటితే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు. చవగ్గా వచ్చిందని పొడుగాటి లేఓవర్ టికెట్ కొనేముందు ఇది చూసుకోండి. మన పాస్‌పోర్టుకి ముందస్తు అనుమతి కావాలి. పద్ధతులు మారుతున్నాయి కాబట్టి, ఏజెంటు మాట కంటే అధికారిక వెబ్‌సైట్ నమ్మండి.

ఎయిర్‌పోర్టు నుంచి ఫ్రాన్ష్‌హుక్‌కి కారులో గంట. డ్రైవింగ్ మనలాగే ఎడమవైపు, రోడ్లు అద్దంలా ఉంటాయి. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకెళ్తే కారు అద్దెకిచ్చే కౌంటర్ దగ్గర వాదన ఉండదు. దారి విషయంలో ఒక సలహా. వెళ్లేటప్పుడు స్టెలెన్‌బోష్ మీదుగా, హెల్స్‌హుక్టే కనుమ ఎక్కి, ప్నియెల్ ఊళ్లోంచి దిగండి. కనుమ దాటగానే లోయ ఒక్కసారిగా తెరుచుకుంటుంది. ఎన్1 హైవే దారి తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి. ఏ దారైనా చీకటి పడకముందే ఊరు చేరండి. రాత్రిపూట తెలియని రోడ్ల మీద మ్యాప్ పట్టుకుని తిరగడం ఆ దేశంలో మంచిది కాదు.

ఉబర్‌లో వెళ్లొచ్చు. వెళ్లేటప్పుడు దొరుకుతుంది, వచ్చేటప్పుడే టెన్షన్. సాయంత్రం ఆ లోయలో కేప్‌టౌన్‌కి వచ్చే కారు దొరకడం అదృష్టం. పొద్దున్నే తిరుగు ప్రయాణం మాట్లాడుకోండి, లేదా అక్కడే పడుకోండి.

4. ఎక్కడ దిగాలి

రెండు రకాలు. ఒకటి, ఊళ్లోనే హ్యూగనాట్ రోడ్‌కి నడిచేంత దూరంలో గెస్ట్‌హౌస్. రాత్రి భోజనానికి కారు తీయనక్కర్లేదు. వంటగది ఉన్న కాటేజీలు కూడా చాలా ఉన్నాయి. పెద్దవాళ్లతో వెళ్తే, రెండో రోజుకే అన్నం, పెరుగు కావాలంటారు కాబట్టి అవే నయం.

రెండోది, తోటల మధ్య లగ్జరీ ఎస్టేట్. లా రెసిడెన్స్, రిచర్డ్ బ్రాన్సన్ కంపెనీ నడిపే మోన్ రొషెల్, లీయు ఎస్టేట్స్ ఆ కోవలోవి. లీయు వెనకున్నది మనదేశపు వ్యాపారి, మ్యాక్స్ గ్రూప్ స్థాపించిన అనల్జిత్ సింగ్. ఊళ్లోని పాత హోటల్ ల కార్తియే ఫ్రాన్సే కూడా ఆయన సంస్థ చేతిలోనిదే. ఒక్క రాత్రికి అడిగే డబ్బుతో మనవాళ్ల కుటుంబం గోవాలో వారం గడిపేయొచ్చు. అంత పెట్టలేకపోతే చింత వద్దు. ఇలాంటి చాలాచోట్ల మధ్యాహ్న భోజనానికో, టేస్టింగ్‌కో బయటివాళ్లని రానిస్తారు. ఫోన్ చేసి బుక్ చేసుకుని, చెప్పులు కాకుండా బూట్లు, ఇస్త్రీ చొక్కాతో వెళ్తే చాలు. అదే తోట, అదే కొండ, అదే కుర్చీ. పదో వంతు ఖర్చు.

5. ట్రామా, కారా?

ట్రామ్. అనుమానం అక్కర్లేదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వేసిన పాత రైలు పట్టాల మీద 2012లో వైన్ ట్రామ్ మొదలుపెట్టారు. పక్కలు తెరిచి ఉండే బోగీ, నెమ్మదిగా తోటల మధ్య వెళ్తుంది. పట్టాలు లేనిచోట్లకి ట్రామ్‌లాగే అలంకరించిన బస్సు తీసుకెళ్తుంది. నిజం చెప్పాలంటే రోజులో ఎక్కువసేపు కూర్చునేది ఆ బస్సులోనే. పట్టాల మీద ప్రయాణం కొంతే. పిల్లలకి ముందే చెప్పకపోతే గొడవ చేస్తారు.

రంగుల పేర్లతో లైన్లుంటాయి. ఒక టికెట్‌కి ఒక లైన్. ఆ లైన్‌లో ఉన్న ఎస్టేట్లలో ఎక్కడైనా దిగి, దాదాపు గంట తర్వాత వచ్చే బండి ఎక్కొచ్చు. ఇక్కడ మూడు విషయాలు గుర్తుంచుకోండి. టేస్టింగ్ డబ్బులు టికెట్‌లో కలిసి ఉండవు, ఎస్టేట్‌లో వేరేగా కట్టాలి. మీరు చూడాలనుకున్న ఎస్టేట్ ఏ లైన్‌లో ఉందో చూసి మరీ రంగు ఎంచుకోవాలి. సీజన్‌లో టికెట్లు ముందే అయిపోతాయి. ఉదయం మొదటి బండికే బుక్ చేయండి. పదకొండు తర్వాత ఎక్కినవాళ్లు చివరి ఎస్టేట్‌లో గడియారం చూసుకుంటూ తాగుతారు.

కారు ఎందుకు వద్దంటున్నానో తెలిసిందే. అక్కడి పరిమితి వంద మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్. మన దేశంలో 30. మనకంటే ఎక్కువే కదా అనుకోకండి, రెండు ఎస్టేట్లలో అయిదేసి రకాలు మింగితే దాటిపోతారు. రెండో రోజు కనుమ రోడ్డుకి, ప్నియెల్‌కి కారు ఎలాగూ కావాలి. ఆ రోజు గ్లాసు ముట్టకండి.

6. ఎస్టేట్లు ఎంచుకోవడం

రోజుకి మూడు. నాలుగోది పెట్టుకోవద్దు. మూడింటిలో ఒకటి బుడగల వైన్‌కి, ఒకటి చరిత్రకి, ఒకటి ఊరికే కూర్చోవడానికి అన్నట్టు కలపండి.

బుడగలతో మొదలెడదాం. షాంపేన్ అనే పేరు ఫ్రాన్స్‌లోని ఆ ప్రాంతానికే చెందుతుంది కాబట్టి, అదే పద్ధతిలో చేసిన వైన్‌ని దక్షిణాఫ్రికాలో కాప్ క్లాసిక్ అంటారు. మామూలు వైన్‌ని సీసాలో పోసి, కొంచెం చక్కెర, ఈస్ట్ కలిపి మూసేస్తారు. లోపల మళ్లీ పులుస్తుంది. పుట్టిన గ్యాస్ బయటికి పోలేక వైన్‌లోనే కరుగుతుంది. ఆ ఈస్ట్ మడ్డి మీద నెలల తరబడి పడుకోబెడతారు. అందుకే బ్రెడ్డు కాల్చినప్పటి వాసన వస్తుంది. తర్వాత సీసాని తలకిందులుగా వంచి, తిప్పుతూ మడ్డిని మూతి దగ్గరికి చేరుస్తారు. మూతిని గడ్డకట్టించి తెరిస్తే, లోపలి ఒత్తిడికి మడ్డి ముక్కలా ఎగిరి బయటపడుతుంది. కార్ టైరులో ఉండే గాలికి రెండింతల ఒత్తిడి ఉంటుంది ఆ సీసాలో.

దీనికి ఓట్ కాబ్రియేర్ వెళ్లండి. ఊరి చివర కనుమ రోడ్డు ఎక్కుతుండగానే, కొండలోకి తొలిచిన సెల్లార్ అది. ఈ కాబ్రియేర్ భూమిని 1694లో పొందినది పియేర్ జోర్దాన్ అనే హ్యూగనాట్, బుడగల వైన్‌కి ఇప్పటికీ ఆయన పేరే. కత్తితో సీసా మూతి ఎగరగొట్టే సాబ్రాజ్ ఇక్కడ ప్రసిద్ధి. ఏ రోజు, ఎన్నింటికి చేస్తారో ముందు అడగండి. దగ్గర్నుంచి గమనిస్తే అందులో బలం ఏమీ లేదని తెలుస్తుంది. సీసా పక్కన నిలువునా సన్నటి అతుకు గీత ఉంటుంది. కత్తి మొద్దు అంచుని ఆ గీత వెంట మెడ దాకా జారిస్తే, మెడ చుట్టూ ఉన్న గాజు ఉంగరానికి తగిలి, కార్కుతో సహా ఉంగరం ఎగిరిపోతుంది. గాజుముక్కలు లోపల పడవు, పొంగే వైన్ వాటిని బయటికి తోసేస్తుంది. ఇంటికొచ్చి వంటింటి కత్తితో ప్రయత్నించకండి.

చరిత్రకి బోషెన్‌డాల్. ఊరికి కాస్త దూరం, ప్నియెల్ పక్కన. 1685లో ఇచ్చిన భూమి. 1715 నుంచి 1879 దాకా డివిలియర్స్ కుటుంబం చేతిలో ఉంది. ఇప్పుడు కనిపించే పెద్ద ఇల్లు 1812 నాటిది. ముందు భాగం మీద మెలికలు తిరిగిన తెల్లని శిఖరంలాంటి గోడ, దళసరి సున్నపు గోడలు, చుట్టూ ఓక్ చెట్లు: కేప్ డచ్ ఇల్లంటే ఇలా ఉంటుంది. ఫ్రెంచి ఇంటిపేరువాళ్లు కట్టుకున్న డచ్ ఇల్లు! చెట్లకింద పిక్నిక్ బుట్ట ఇస్తారు, శాకాహార బుట్ట కావాలంటే బుకింగ్‌లోనే చెప్పాలి.

ఈ ఎస్టేట్ గురించి ఇంకొక్క సంగతి. 1886లో ఫిలాక్సెరా అనే పేనులాంటి పురుగు కేప్ ద్రాక్ష వేళ్లని తినేసింది. తోటలు దివాళా తీశాయి. అప్పుడు గనుల వ్యాపారి సెసిల్ రోడ్స్ ఈ లోయలో పొలాలు కొని పండ్లతోటలు వేయించాడు. బోషెన్‌డాల్ కూడా అందులో కలిసింది. ద్రాక్ష మధ్యలో ప్లమ్, పియర్ చెట్లు ఎందుకున్నాయని ఎవరైనా అడిగితే కారణం అది.

మూడోది, కూర్చోవడానికి. మోన్ రొషెల్ వరండా సాయంత్రం వెలుగుకి బాగుంటుంది. గ్రాండ్ ప్రొవాన్స్‌లో ఆర్ట్ గ్యాలరీ, శిల్పాల తోట ఉన్నాయి. లా మోట్‌లో పిల్లలకి పరిగెత్తేంత స్థలం ఉంది. వైన్ మీద నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లయితే లీయు ఎస్టేట్స్‌లో మలినో వైన్లు రుచి చూడండి. ద్రాక్ష ఎక్కువగా వేరే ప్రాంతంలోని పాత తోటలది, అయినా టేస్టింగ్ మాత్రం ఇక్కడే జరుగుతుంది.

వైన్ తాగనివాళ్లు, పెద్దవాళ్లు తోడుంటే లోర్మరాన్స్ ఎస్టేట్‌లోని మోటార్ మ్యూజియం. రెండొందలకి పైగా పాత వాహనాల్లోంచి ఎనభై దాకా ఎప్పుడూ ప్రదర్శనలో ఉంచుతారు. 1898 నాటి మూడు చక్రాల మోటార్ బండి నుంచి ఫెరారీల దాకా. ముందే బుక్ చేసుకోవాలి. గేటు దగ్గరికి వెళ్లి బతిమాలితే లోపలికి పంపరు.

7. టేస్టింగ్ బల్ల దగ్గర

ఇక్కడే మనవాళ్లు బిగుసుకుపోతారు. ఏమీ తెలియకపోవడం తప్పు కాదు, పోసేవాళ్లకి అదే పని.

నాలుగైదు గ్లాసుల్లో అడుగున ఓ గుక్కెడు చొప్పున పోస్తారు. వరస బుడగలది, తెలుపు, ఎరుపు, చివర తీపిది. వరస మార్చకండి, ఎర్రదాని తర్వాత తెల్లది నీళ్లలా ఉంటుంది. కాడ పట్టుకోండి, గిన్నె భాగం పట్టుకుంటే చేతి వేడికి రుచి మారుతుంది. ముందు కదపకుండా వాసన చూడండి. తర్వాత బల్లమీదే గ్లాసుని గుండ్రంగా తిప్పి మళ్లీ చూడండి. రెండు వాసనలకీ తేడా తెలిస్తే సగం పని అయిపోయినట్టే. చిన్న గుక్క నోట్లో పట్టి అన్ని వైపులా తిప్పండి. పక్కనున్న కుండలో ఉమ్మేయొచ్చు, మిగిలింది పారబోయొచ్చు. ఎవరూ అవమానంగా తీసుకోరు, నిజానికి అలా చేసేవాళ్లనే కాస్త మర్యాదగా చూస్తారు.

“డ్రై” అంటే తీపి లేదని. మనలో చాలామందికి మొదటి గుక్క పుల్లగా, వగరుగా తగిలి ముఖం చిట్లుతుంది. ఆ వగరు తొక్క నుంచి, గింజల నుంచి వచ్చేది. తోటలో అనుమతి అడిగి ఒక ద్రాక్షపండు నోట్లో వేసుకుంటే అర్థమవుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల పండించిన అనాబేషాహీ ద్రాక్ష పెద్దగా, పలచని తొక్కతో, నీళ్లు నిండి ఉండేది. వైన్ ద్రాక్ష శనగగింజకంటే కొంచెం పెద్దది. దళసరి తొక్క, లోపల గింజలు, తీపి మాత్రం గొంతు పట్టేసేంత.

ఇక్కడ తప్పక అడగాల్సింది సెమియోన్. ఒకప్పుడు కేప్‌లో ద్రాక్ష అంటేనే ఇది. 1822లో నాటిన తీగల్లో నూటికి 93 ఇవే. ఇప్పుడు చాలా తక్కువ. కానీ ఈ లోయలో 1902, 1905లలో నాటిన సెమియోన్ తీగలు ఇంకా కాస్తున్నాయి. మోకాలెత్తు మోడుల్లా, ఊతకర్ర లేకుండా, మెలికలు తిరిగి ఉంటాయి. చిన్నప్పుడు నిమ్మరసంలా ఉండే ఈ వైన్, సీసాలో ఏళ్లు గడిస్తే తేనె, మైనం వాసనకి మారుతుంది. సీసా మూతి మీద ‘హెరిటేజ్ వైన్‌యార్డ్’ ముద్ర, దానిమీద తీగ నాటిన సంవత్సరం ఉంటే, ఆ తోట వయసు కనీసం 35 ఏళ్లని అర్థం. కొనడానికి సీసా ఏదో తేలకపోతే ఆ ముద్ర ఉన్నది తీసుకోండి.

తాగనివాళ్లకి చాలా ఎస్టేట్లలో ద్రాక్షరసం టేస్టింగ్ ఉంటుంది. ఊళ్లో హ్యూగనాట్ ఫైన్ చాక్లెట్స్ అనే దుకాణంలో చాక్లెట్ ఎలా చేస్తారో చూపించి రుచి చూపిస్తారు.

8. గ్లాసు పక్కన పెట్టిన రోజు

రెండో రోజు ఉదయం పెద్ద వీధి పైకొసకి నడవండి. తెల్లటి మూడు కమానుల స్మారకం కనిపిస్తుంది. 1948లో ప్రారంభించారు. మధ్యలో ఒక స్త్రీ, ఒక చేతిలో బైబిల్, మరో చేతిలో తెగిన సంకెల. పక్కనే మ్యూజియం. ఈ భవనం కేప్‌టౌన్‌లో 1791లో కట్టినది, విప్పదీసి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. కుటుంబ వృక్షాలు, పాత బైబిళ్లు ఉన్నాయి.

తెగిన సంకెల చూశాక ప్నియెల్ వెళ్లాలని నా పట్టుదల. బోషెన్‌డాల్‌కి అయిదు నిమిషాలు. విముక్తి పొందిన బానిసల కోసం 1843లో మిషనరీలు ఏర్పాటుచేసిన ఊరు. ఒక చర్చి, చిన్న చిన్న ఇళ్లు, వాటి వెనక ఒక్కో కుటుంబానికి ఇచ్చిన తోట ముక్క. చూడ్డానికి టికెట్ పెట్టిన వస్తువేమీ లేదు. అక్కడివాళ్ల పూర్వీకుల్లో కోరమండల్ ఓడ ఎక్కినవాళ్లు ఉండొచ్చు. ఆదివారం ఉదయం వెళ్తే ఊరంతా చర్చి బట్టల్లో కనిపిస్తుంది. ఇళ్లల్లోకి కెమెరా పెట్టకండి.

అక్కడినుంచి పార్ల్ వైపు వెళ్లే ఆర్301 రోడ్డులో ఒక జైలు గేటు, దాని ముందు పిడికిలెత్తిన మండేలా విగ్రహం. 1990 ఫిబ్రవరి 11న ఆయన నడిచి బయటికొచ్చింది ఈ గేటులోంచే. అప్పట్లో విక్టర్ వెర్స్టర్ జైలు అనేవారు. ఇప్పటికీ జైలే, కాబట్టి విగ్రహం చూసి వెనక్కి తిరగడమే.

సాయంత్రం ఫ్రాన్ష్‌హుక్ కనుమ ఎక్కండి. 1820ల్లో వేసిన దారి. అవతలివైపు దిగేటప్పుడు యాన్ జూబెర్ గాట్ అనే రాతి వంతెన వస్తుంది, 1825 నాటిది, దాని మీద ఇప్పటికీ వాహనాలు వెళ్తున్నాయి. కనుమ పైన ఉన్న మోన్ రొషెల్ అభయారణ్యంలో నడవాలంటే పర్మిట్ కావాలి. పైన చెప్పిన హోటల్, ఇది వేరువేరు. మ్యాప్‌లో ఒకటి కొట్టి మరోచోటికి వెళ్లేవాళ్లు ఉన్నారు.

9. తిండి

పేరున్న రెస్టారెంట్లకి వారాల ముందు బుకింగ్ కావాలి. శాకాహారులైతే బుకింగ్‌లోనే గుడ్డు, చేప, జెలటిన్ దాకా విడమరిచి రాయండి. ‘వెజిటేరియన్’ అన్న ఒక్క మాటకి చేప కూడా కలిపేసుకునేవాళ్లు ఉంటారు.

కేప్ మలయ్ వంట మాత్రం వదలొద్దు. బానిసలుగా వచ్చిన ఆసియావాళ్ల వంటిళ్లలో పుట్టింది. బొబోటీ అంటే మసాలా పట్టించిన కీమా మీద గుడ్డు, పాలు పోసి కాల్చింది. దాంతోపాటు పసుపన్నం, చట్నీ, ‘అచార్’. మాంసం తరచూ బీఫ్, పనికిరాదనుకునేవాళ్లు అడిగి తెలుసుకోండి. టిప్పు పది నుంచి పదిహేను శాతం.

దారిలో సిమండియం దగ్గర బాబిలాన్‌స్టోరెన్ ఉంది. ఎనిమిది ఎకరాల తోట. కూరగాయలు, పండ్లు, మందుమొక్కలు గళ్లుగళ్లుగా నాటి ఉంటాయి. వైన్ పక్కన పెట్టి, ఆ తోట కోసమే మధ్యాహ్నం ఇచ్చేయొచ్చు. మొక్కల పిచ్చి ఉన్న అమ్మమ్మని గంటలో బయటికి లాక్కురావడం మాత్రం కష్టం.

10. సీసాలు ఇంటికి

ఇండియాలోకి మనిషికి రెండు లీటర్ల మద్యం పన్ను లేకుండా తేవచ్చు. అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. మూడోది పెడితే లెక్క దాటుతుంది. చెక్‌ఇన్ పెట్టెలోనే పెట్టాలి. బట్టల్లో చుట్టడం కంటే ఎస్టేట్‌లో అమ్మే గాలి నింపిన సంచీ మేలు. సీసా మూతి మీద గట్టిగా టేపు చుట్టండి.

అక్కడి వ్యాట్ 15 శాతం. మొత్తం కొనుగోలు 250 ర్యాండ్లు దాటితే విదేశీయులు తిరిగి అడగొచ్చు. అసలు ట్యాక్స్ ఇన్‌వాయిస్ కావాలి, కార్డు స్లిప్పు చెల్లదు. ఎయిర్‌పోర్టులో పెట్టె చెక్‌ఇన్‌లో వేయకముందే సీసాల్ని కస్టమ్స్ కౌంటర్‌లో చూపించి స్టాంపు వేయించుకోవాలి. క్యూ ఉంటుంది, ఇంకో గంట ముందు బయల్దేరండి.